పండగ పాటలో దిగులు ఉండకూడదా?



కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. డిసెంబర్ ప్రోగ్రాం గురించి గ్రూపులో మాట మొదలైంది. డీజేకి మనిషికెంత చందా అనే లెక్క తేలేలోపే ఈ మాట చెప్పాలనుకున్నాం. మేము అంటే, బొర్రా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో కాలేజీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. మాలో క్రిస్మస్ చేసుకునే ఇళ్ళవాళ్ళు ఉన్నారు, చేసుకోని ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. ఒకే ఇంట్లో అమ్మ ప్రార్థనకి వెళ్తే, తాత కొత్త పండక్కి కోడిని కోసే ఇళ్ళు కూడా ఉన్నాయి. అందుకని ముందే చెప్తున్నాం, ఇది మతం గురించి కాదు, పాట గురించి.

మా మాట ఒక్కటే. పండగ పాటలో దిగులుకి కూడా చోటు ఉండాలి. ఆ దిగులు మన నోటి మాటల్లో, మన బాణీలో ఉండాలి. ఈ డిసెంబర్లోనే అలాంటి పాటలు మనం కట్టుకోవాలి.

ఇది మాకు ఎక్కడ తట్టిందంటే, ఇంగ్లీషు సాహిత్యం చదివే సీనియర్ అన్న ఒకరు పోయిన ఏడాది హాస్టల్లో ఒక ఆల్బమ్ వినిపించారు. పాడింది సుఫ్‌యాన్ స్టీవెన్స్ అనే అమెరికా గాయకుడు. 1975లో డెట్రాయిట్‌లో పుట్టాడు. తన పాట తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని పాడతాడు. 2001 నుంచి డిసెంబర్ వచ్చిందంటే కొన్ని పాటలు రికార్డు చేసి ఇంటివాళ్ళకి, స్నేహితులకి కానుకగా ఇచ్చేవాడు. మధ్యలో 2004లో ఒక్కసారి చెయ్యలేదు. అలా పోగైన ఐదు చిన్న రికార్డుల్ని కలిపి 2006 నవంబర్లో ‘సాంగ్స్ ఫర్ క్రిస్మస్’ అని ఒక పెట్టెలో పెట్టి విడుదల చేశారు. మొత్తం 42 పాటలు. అందులో అందరికీ తెలిసిన పాత కీర్తనలున్నాయి, అతని సొంత పాటలూ ఉన్నాయి. వినేవాళ్ళు కూడా పాడుకోవాలని పెట్టెలో పాటల పుస్తకం ఒకటి పెట్టారు. 2012లో ఇంకో పెట్టె వచ్చింది, దాంట్లో 58 పాటలు.

మా ఇంగ్లీషు అంతంతమాత్రమే. సగం మాటలు ఫోన్లో వెతుక్కుని అర్థం చేసుకున్నాం. అయినా మొదటి రెండు మూడు పాటలకే ఒక సంగతి తెలిసిపోయింది: ఇది సంబరం కోసం కట్టిన పాట కాదు. బాంజో, పియానో, పక్కన నలుగురు గొంతు కలపడం, అంతే. ఒక పాటలో పండగ పూట ఇంట్లో గొడవ అవుతుంది, తండ్రి కోపం చూసి పిల్లలు బిక్కుబిక్కుమంటారు. ఇంకో పాట చలికాలాన్ని అక్కా అని పిలుస్తుంది, బరువుగా నడుస్తుంది, చివరికి స్నేహితులకి పండగ శుభాకాంక్షలు చెప్పే దగ్గరికి వస్తుంది. శుభాకాంక్షలు చెప్పడానికి ముందు అంత దిగులు దాటి రావడం మాకు చాలా నిజంగా అనిపించింది.

ఎందుకంటే మా డిసెంబర్ అలాగే ఉంటుంది.

డిసెంబర్ అంటే మాకు సెమిస్టర్ పరీక్షలు. పండక్కి ఒక రోజు సెలవు. ఆ ఒక్క రోజు కోసం పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కి, సొరంగాలన్నీ దాటి, బొర్రా గుహలు స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి ఊరికి నడిచి, మళ్ళీ వెనక్కి రావాలంటే కుదరదు. చాలామందిమి రూములోనే ఉండిపోతాం. ఇంటికి ఫోన్ చేద్దామంటే అమ్మ కాఫీ పళ్ళు కోయడానికి తోటలో ఉంటుంది, సిగ్నల్ ఉన్న రాయి దగ్గరికి ఆవిడ ఎక్కితే తప్ప మాట కలవదు. నాన్నలు, అన్నలు కొందరు భవనం పనులకి బయట ఊళ్ళో ఉంటారు. ఇంట్లో మిగిలేది ముసలమ్మ, చిన్న పిల్లలు. మనలో ఎంతమంది ఇళ్ళల్లో పండగ రోజు అందరూ ఒక్కచోట కూర్చుని అన్నం తింటున్నారు? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

ఇంట్లో ఉన్నా అన్నీ బాగుంటాయని కాదు. పండగ సాయంత్రం తాగుడు మొదలై, అరుపులై, పిల్లలు పక్కింటికి పోయి పడుకున్న రాత్రులు మన గ్రూపులో చాలామందికి తెలుసు. దాని గురించి ఎవరూ పాట కట్టలేదు. ఎక్కడో అమెరికాలో ఒక మనిషి కట్టాడు. అది విని మనకి గొంతు పట్టేసిందంటే, ఆ బాధ మనకీ ఉందని, దానికి మన దగ్గర పాట లేదని అర్థం.

మరి మన డిసెంబర్ పాటలు ఎలా ఉంటున్నాయి? బాక్సులు ట్రాక్టర్ మీద వస్తాయి. కీబోర్డు ట్రాక్, దడదడ బీట్, రంగు లైట్లు. ప్రతి ఊళ్ళో అదే పాట, ప్రతి ఏడాదీ అదే గెంతు. అది తప్పని మేము అనడం లేదు. మేమూ ఎగురుతాం. చలిలో ఎగిరితే ఒళ్ళు వేడెక్కుతుంది, అదీ మంచిదే! కానీ రాత్రంతా అదొక్కటే అయితే, మనసు బాగోలేనివాళ్ళు ఎక్కడికి పోవాలి? ఆ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు, కొడుకు ఎక్కడున్నాడో తెలియని అమ్మ, వాళ్ళంతా గుంపు చివర్లో చీకట్లో నిలబడి చూసి వెళ్ళిపోతారు. పండగ వాళ్ళది కూడా కదా.

‘పండగ పూట దిగులు పాట అపశకునం’ అనేవాళ్ళకి ఒక మాట. అసలు క్రిస్మస్ కథే దిగులుతో మొదలైంది. బైబిల్లో లూకా రాసిన ప్రకారం, ప్రభుత్వం జనాభా లెక్కలు రాయమంది. నిండు గర్భిణి ఒకామె, ఆమె మనిషి, పేరు రాయించుకోడానికి సొంత ఊరు దాకా ప్రయాణం చేశారు. అక్కడ దిగడానికి చోటు దొరకలేదు. బిడ్డ పుడితే పశువులు మేత తినే తొట్టిలో పడుకోబెట్టారు. ఆ కబురు మొదట తెలిసింది రాత్రిపూట పొలంలో గొర్రెలు కాస్తున్నవాళ్ళకి.

ఈ కథని నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నమ్మరు. కానీ కొండ మీద బతికేవాళ్ళకి ఇందులో అర్థం కానిది ఏముంది? కాగితంలో పేరు కోసం పని మానుకుని మండలాఫీసుకి తిరగడం మనకి తెలుసు. రోడ్డు లేని ఊరి నుంచి గర్భిణిని డోలీలో మోసుకెళ్తుంటే దారిలోనే కాన్పు అయిపోయిన సంగతులు మనకి తెలుసు. మంచులో తెల్లవార్లూ మంట పెట్టుకుని పశువుల్ని, పంటని కాచుకోవడం మన తాతలకి తెలుసు. ఈ కథ పాడటానికి మనకంటే దగ్గరివాళ్ళు ఎవరుంటారు? అయినా మనం దాన్ని పట్నం స్టూడియోలో తయారైన ట్రాక్ మీద, మనది కాని మాటల్లో పాడుతున్నాం.

ప్రపంచంలో బాగా నిలబడిన క్రిస్మస్ పాటల్ని చూసినా ఇదే కనిపిస్తుంది. ‘సైలెంట్ నైట్’ పాటనే తీసుకోండి. ఆస్ట్రియాలో జోసెఫ్ మోర్ అనే చిన్న పాదిరి 1816లో ఆ మాటలు రాశారు. అవి యుద్ధాలు ముగిసి, పంటలు పోయి, జనం ఆకలితో ఉన్న రోజులు. 1818 డిసెంబర్ 24న ఓబెర్న్‌డార్ఫ్ అనే ఊళ్ళో, బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్ కట్టిన బాణీలో ఇద్దరూ కలిసి గిటారు మీద పాడారు. పెద్ద ఊరు కాదు, పెద్ద మేళం లేదు. నెమ్మదిగా సాగే జోలపాట లాంటి పాట. 200 ఏళ్ళు దాటినా పాడుతూనే ఉన్నారు.

‘వైట్ క్రిస్మస్’ ఇంకో ఉదాహరణ. రాసింది ఇర్వింగ్ బెర్లిన్. రష్యా నుంచి చిన్నప్పుడే అమెరికాకి వలసొచ్చిన యూదుల కుటుంబంలోని మనిషి. అంటే క్రిస్మస్ ఆయన పుట్టిన మతం పండగ కానే కాదు. పైగా 1928లో క్రిస్మస్ నాడే ఆయన పసిబిడ్డ చనిపోయాడు. ఆ పాట అసలు ఎండ కాసే కాలిఫోర్నియాలో ఉండి, దూరాన ఉన్న మంచుని తలుచుకునే మనిషి పాట. 1942లో బింగ్ క్రాస్బీ గొంతులో రికార్డు వచ్చింది. అప్పుడు యుద్ధంలో ఉన్న సైనికులు ఆ పాటే వెయ్యమని రేడియోకి మళ్ళీ మళ్ళీ అడిగేవారు. ఇంటికి వెళ్ళలేనివాళ్ళకి ఇల్లు గుర్తు చేసే పాట కావాలి. మా హాస్టల్ సంగతి కూడా అంతే. లంబసింగిలో మంచు పడిందని ఫోన్లో వీడియో చూస్తే, విశాఖ ఉక్కలో కూర్చున్న మాకు కళ్ళు చెమరుస్తాయి.

‘అవన్నీ తెల్లోళ్ళ పాటలు, మనకేటి’ అంటారేమో. సరే, దగ్గరికే వద్దాం. పురుషోత్తమ చౌదరి గారి పేరు కీర్తనల పుస్తకం చూసినవాళ్ళకి తెలుస్తుంది. 1803లో పుట్టారు, 1890లో పోయారు. మన కొండలకి ఉత్తరాన, అప్పటి గంజాం వైపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. కొత్త విశ్వాసం వచ్చింది కదా అని ఆయన ఇంగ్లీషు బాణీలు అప్పు తెచ్చుకోలేదు. తను పెరిగిన సంగీతంలోనే, రాగం తాళం కట్టి తెలుగులో రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఇప్పటికీ పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చేసి ఉంటాయి. ఆ పాటల్లో పశ్చాత్తాపం ఉంది, వేడుకోలు ఉంది, ఏడుపు ఉంది. ఎవరూ వాటిని అపశకునం అనలేదు. ఆయన తన ఇంటి సంగీతంతో కొత్త పాట కడితే అది కీర్తన అయింది. మనం మన ఇంటి సంగీతంతో కడితే మాత్రం ‘అది కొండోళ్ళ పాట, చర్చిలో పనికిరాదు’ అంటున్నారు. ఈ తేడా ఎందుకో పెద్దలు ఒక్కసారి ఆలోచించాలి.

మన ఇంటి సంగీతానికి దిగులు కొత్తేం కాదు. థింసా అంటే బయటివాళ్ళకి చేతులు పట్టుకుని అడుగులెయ్యడం ఒక్కటే కనిపిస్తుంది. తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు ఎలా కలుస్తాయో ఊళ్ళో పుట్టినవాళ్ళకి తెలుసు. మోరి నెమ్మదిగా ఊదితే ఎలా ఉంటుందో కూడా తెలుసు. పిల్లని అత్తారింటికి పంపినప్పుడు ముసలమ్మలు పాడేది, జోలపాటలో మధ్యలో తమ కష్టం కలిపేసుకునేది, ఇవన్నీ మనం విన్నవే. వాటికి పుస్తకం లేదు. పాడేవాళ్ళు పోతే పాటా పోతుంది.

ఇప్పుడు మన పాట ఎక్కడ మిగిలింది? డిసెంబర్లో బొర్రా, అరకు నిండా టూరిస్టులే. గుహల దగ్గర నిలబడే చోటుండదు. బొంగు చికెన్ పొగ, కార్ల వరస. వాళ్ళ కోసం మన అక్కలు ఒకే రంగు చీర కట్టుకుని థింసా ఆడతారు. కూలి వస్తుంది, మంచిదే, ఆ డబ్బు అవసరమే. కానీ మన పాట డబ్బిచ్చేవాళ్ళ ముందు మాత్రమే పాడి, మన పండగలో మాత్రం అద్దెకి తెచ్చిన బాక్సు మోగితే, ఆ పాట ఇంక మనదని ఎన్నాళ్ళు చెప్పుకోగలం?

భాష సంగతి ఇంకా కష్టం. జర్మన్ పాదిరి షుల్జ్ 1911లోనే కువి భాషకి వ్యాకరణం అచ్చేయించారు. కొండదొరల కూబి భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో పెద్ద పుస్తకమే రాశారు. బయట నుంచి వచ్చినవాళ్ళు మన మాటలు విని, రాసి, అచ్చేయించి భద్రం చేశారు. ఫోన్ చేతిలో పెట్టుకుని తిరిగే మనం మాత్రం మన అమ్మమ్మ పాట ఒక్కటీ రాసి పెట్టలేదు. హాస్టల్లో చిన్నప్పటి నుంచి తెలుగులోనే మాట్లాడి మాట్లాడి, కొందరికి ఇంటి భాష అర్థమవుతుంది గాని నోటికి రాదు. పాటైతే వస్తుంది. మాట మరిచినవాళ్ళకి కూడా పాట నోట్లో ఉండిపోతుంది. అందుకే పాటతో మొదలుపెడదాం అంటున్నాం.

ఇప్పుడు మా మీద వచ్చే ప్రశ్నలకి మేమే ముందు జవాబు చెప్తాం.

‘పండగ పూట ఏడుపు పాటలేటర్రా’ అని ముసలివాళ్ళే అనొచ్చు. రాత్రంతా అవే పాడమనడం లేదు. డీజే ఆపి ఒక అరగంట. మంట చుట్టూ కూర్చుని, తుడుము నెమ్మదిగా కొడుతూ, ఈ ఏడాది మన మధ్య లేనివాళ్ళని, రాలేకపోయినవాళ్ళని తలుచుకుని నాలుగు పాటలు. ఆ తర్వాత ఎంత ఎగిరినా హాయిగా ఉంటుంది.

‘మేము క్రిస్మస్ చెయ్యం, మాకెందుకు’ అనే అన్నలు ఉన్నారు. వాళ్ళ మాట న్యాయమైనదే. దేవుడి పాట పాడమని ఎవరినీ అడగం. ఇంటికి దూరంగా ఉన్న మనిషి పాట, కాఫీ తోటలో అమ్మ పాట, వలిసె పూలు రాలిపోయిన పొలం పాట, వీటికి ఏ గుడీ లేదు, ఏ చర్చీ లేదు. పండగ పేరుతో మన ఇళ్ళు రెండుగా చీలిపోతున్న రోజుల్లో, తాత, అమ్మ ఒకే మంట దగ్గర కూర్చుని వినగలిగే పాటలు ఇలాంటివే. చర్చి పాటకి తాత రాడు, తాత పూజకి అమ్మ వెళ్ళదు. మనవడు హాస్టల్ నుంచి పంపిన పాటకి మాత్రం ఇద్దరూ వస్తారు.

‘మన బాణీ చర్చిలోకి తెస్తే కలగాపులగం అవుతుంది’ అనే పెద్దలూ ఉన్నారు. అటువైపు ‘మన పూజ పాటలు మీరెలా వాడతారు’ అనేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి భయాన్నీ గౌరవిద్దాం. పూజకి, చావుకి సంబంధించిన పాటలు ముట్టుకోవద్దు. జోలపాటలు, పని పాటలు, ఆటపాటలు చాలు. అవి అందరివీ. చర్చి లోపల పాడొద్దంటే బయట మంట దగ్గర పాడదాం.

‘స్టూడియోకి డబ్బులెక్కడివి’ అనేది చివరి ప్రశ్న. ఇక్కడే ఆ అమెరికా మనిషి ఉపయోగపడతాడు. అతను మొదలుపెట్టింది లోకం కోసం కాదు. తెలిసిన నలుగురికి ఇవ్వడానికి, ఏడాదికి కొన్ని పాటలు. ఐదేళ్ళు తిరిగేసరికి 42 అయ్యాయి. మన దగ్గర ఫోన్ ఉంది, రాత్రి పది దాటితే హాస్టల్ రూము నిశ్శబ్దంగానే ఉంటుంది, దుప్పటి కప్పుకుని పాడితే గొంతు బాగానే వస్తుంది. మేము చేసి చూశాం.

అందుకని మా ప్రతిపాదన ఇది.

ఒక ఊరికి ఒక పాట. కువిలో కావచ్చు, కూబిలో కావచ్చు, ఆదివాసీ ఒడియాలో కావచ్చు, మన యాస తెలుగులో కావచ్చు. మాటలు తెలుగు లిపిలో రాసి పెట్టాలి, కింద అర్థం రాయాలి. బాణీ ఎవరి దగ్గర నేర్చుకున్నామో ఆ అమ్మమ్మని అడిగి, ఆవిడ సరేనంటేనే ఆవిడ పేరు పెట్టాలి, వద్దంటే వద్దు. పాట ముందు ఊళ్ళో వినిపించాలి, ఆ తర్వాతే గ్రూపులో పెట్టాలి. యూట్యూబ్ సంగతి ఊరు ఒప్పుకున్నాక చూద్దాం. డీజే చందాలో పదో వంతు తీసి తుడుముకి తోలు, మోరి బాగు చేయించడానికి ఇవ్వాలి. మోరి ఊదే తాతలు ప్రతి ఊళ్ళో లేరు, ఉన్నవాళ్ళ దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని నేర్చుకోవాలి.

మా రూము నుంచి రెండు పాటలు సగం వరకు వచ్చాయి. ఒకటి సిగ్నల్ రాయి మీద నిలబడి ఫోన్ కోసం చూసే అమ్మ గురించి. ఇంకోటి డోలీ మోసినవాళ్ళ గురించి. రెండో దాంట్లో ఒక మాటకి కూబిలో సరైన పదం మాకు దొరకలేదు. భుజం మీద కర్ర ఒరుసుకుని పడే కాయకి ముసలివాళ్ళు ఏదో ఒక పేరు అంటారు. తెలిసినవాళ్ళు మీ తాతని అడిగి చెప్పండి.

పరీక్షలు మొదలవకముందే, డిసెంబర్ మొదటి ఆదివారం లోపు, ఏయే ఊరి నుంచి ఎవరు కడుతున్నారో రాయండి. కాదనేవాళ్ళు కూడా ఎందుకు కాదో రాయండి, మాట్లాడుకుందాం.

జోహార్.